వైఫై ముంబై చూపిస్తే హ్యాక్ అయినట్టా? ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో మాటకీ జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లంతా గూగుల్ పేజీ అడుగున ఏ ఊరి పేరుందో చూసుకోవాలట. మన ఊరు కాకుండా ముంబై, చెన్నై, ఢిల్లీ లాంటి పేరుంటే వైఫై హ్యాక్ అయినట్టేనట. ఆ ఊర్లో ఎవరో మన నెట్ వాడుకుంటున్నారట, వాళ్లు చేసే నేరాలకి పోలీసులు మన ఇంటికొస్తారట. వెంటనే రూటర్ రీసెట్ చేసి, డీఎన్‌ఎస్ మార్చి, వీపీఎన్ యాప్ వేసుకోవాలట. అప్పటికీ ఊరు మారకపోతే కింద ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేయాలట.

ఇందులో నిజం ఒక్కటే: చాలామందికి వేరే ఊరు కనిపిస్తుంది. మిగతాది తప్పు. ఆ ఫోన్ నంబరైతే ప్రమాదం కూడా. మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఇది చదివి వైఫై బాక్స్ ప్లగ్ పీకేసి, ఫోన్లోంచి బ్యాంకు యాప్ కూడా తీసేశారు. పింఛను పడిందో లేదో చూసుకోవడానికి మళ్లీ బ్యాంకు దాకా ఆటోలో వెళ్లొచ్చారు. అంత టెన్షన్ పడాల్సిన విషయం కాదిది. అందుకే ఆ ఫార్వర్డ్‌లోని మాటలన్నీ ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

"వేరే ఊరు కనిపిస్తే హ్యాక్ అయినట్టే"

అసలు గొడవంతా ఈ మాటతోనే మొదలవుతుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఐపీ అడ్రస్ అంటే నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తుపట్టడానికి వాడే ఉత్త అంకెలు. అందులో ఊరి పేరుండదు, పిన్‌కోడ్ ఉండదు. మనం ఏదైనా వెబ్‌సైట్ తెరిచినప్పుడు అది మన ఐపీ అడ్రస్ తీసుకుని ఒక పట్టికలో వెతుక్కుంటుంది. మ్యాక్స్‌మైండ్, ఐపీటూలొకేషన్, ఐపీఇన్ఫో లాంటి ప్రైవేటు కంపెనీలు ఈ పట్టికలు తయారుచేసి అమ్ముతాయి. గూగుల్ లాంటి పెద్ద సంస్థలకి సొంత లెక్కలున్నాయి. ఫలానా అంకెల వరుస ఏ నెట్ కంపెనీ పేరు మీద ఉంది, ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడుంది, డేటా ఏ ఊరి మీదుగా ఎన్ని మిల్లీసెకన్లలో వెళ్లొస్తోంది, ఇలాంటి ఆధారాలతో ఊరిని అంచనా వేస్తారు. దేశం పేరు దాదాపుగా సరిగ్గానే వస్తుంది. ఊరి దగ్గరికొచ్చేసరికి తప్పులు దొర్లుతుంటాయి. వేరే ఆధారం దొరకనప్పుడు కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరినే రాసేస్తే, ఖమ్మంలో ఉన్న ఇల్లు కూడా ఆ పట్టికలో ముంబైలో ఉన్నట్టే లెక్క.

మన దగ్గర ఇది ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం ఉంది. పాత రకం ఐపీ అడ్రస్‌లు, అంటే ఐపీవీ4వి, మొత్తం కలిపి సుమారు 429 కోట్లే. ప్రపంచమంతటికీ పంచే నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో చివరి బ్లాకుకి, అంటే అడ్రస్‌ల చివరి వరుసకి, వచ్చేసి, అప్పట్నుంచి కొద్దికొద్దిగానే ఇస్తోంది. ఇంటింటికీ ఒక పబ్లిక్ అడ్రస్ ఇచ్చే వీలు లేక, చాలా నెట్ కంపెనీలు వందల ఇళ్లని ఒకే అడ్రస్ వెనక పెడుతున్నాయి. దీన్ని సీజీన్యాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాట్‌వాళ్లు బయటికెళ్లినా ఒకే గేటు దాటాల్సినట్టు, మన డేటా కూడా కంపెనీ పెట్టిన గేటు దాటే బయటికి పోతుంది. ఆ గేటు హైదరాబాద్‌లో ఉండొచ్చు, చెన్నైలో ఉండొచ్చు. వెబ్‌సైట్‌కి కనబడేది ఆ గేటే.

మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతోందా అన్నది చూసుకోవడం తేలిక. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే చాలా రూటర్లలో సెట్టింగ్స్ పేజీ వస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల స్టేటస్ అనో వ్యాన్ (WAN, అంటే బయటి నెట్ వైపు) అనో ఉన్నచోట ఐపీ అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టే. ఈ వరుసని 2012లో ప్రత్యేకంగా ఇందుకోసమే కేటాయించారు. ఇప్పుడు గూగుల్‌లో మై ఐపీ అని వెతికితే కనబడే అంకెలు వేరేగా ఉంటాయి. కంపెనీ గేటు అడ్రస్ ఆ రెండోదే. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యే అడ్రస్‌లు కూడా ఇస్తాయి, దాని అర్థమూ ఇదే.

వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద కూడా ఒకసారి చూడండి. చాలామందికి అక్కడా వేరే ఊరే వస్తుంది, మొబైల్ కంపెనీలూ ఇదే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి.

అడ్రస్‌లు చేతులు మారడం ఇంకో కారణం. కొత్తవి దొరక్క కంపెనీలు ఒకదాని దగ్గర ఒకటి పాత బ్లాకులు కొనుక్కుంటాయి. నిన్నటిదాకా ఢిల్లీలో వాడిన బ్లాకు ఇవాళ రాజమండ్రికి వస్తే, పట్టికలు దిద్దేదాకా రాజమండ్రి జనం ఢిల్లీలో ఉన్నట్టే కనబడతారు.

ఈ పట్టికల్ని సాక్ష్యంగా నమ్మితే ఏమవుతుందో అమెరికాలో ఒక కుటుంబానికి బాగా తెలుసు. ఐపీ అడ్రస్ అమెరికాలో ఉందని మాత్రమే తెలిసి, ఏ ఊరో తెలియనప్పుడు మ్యాక్స్‌మైండ్ దేశం మధ్యలో ఉండేలా ఒక బిందువుని ఇచ్చేది. 38 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది. 60 కోట్లకి పైగా ఐపీ అడ్రస్‌లు ఆ పొలం పేరు మీదే ఉన్నాయని 2016లో ఒక పత్రికా కథనంతో బయటపడింది. అప్పటిదాకా ఏళ్ల తరబడి ఆ ఇంటికి పోలీసులు, ఎఫ్‌బీఐ వాళ్లు, పన్నుల శాఖ వాళ్లు, మోసపోయి కోపంతో ఉన్న జనం వస్తూనే ఉన్నారు. ఆ ఇంట్లోవాళ్లు ఏ తప్పూ చేయలేదు, వాళ్లనెవరూ హ్యాక్ చేయలేదు. తర్వాత కంపెనీ ఆ బిందువుని ఒక చెరువు మధ్యలోకి మార్చింది, కుటుంబం కోర్టుకెళ్లింది. స్క్రీన్ మీద ఊరి పేరు చూసి భయపడే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలి.

"ముంబైలో ఎవరో మీ వైఫై వాడుతున్నారు"

వైఫై సిగ్నల్ ఇంటి గోడలు దాటి పక్కింటిదాకా, ఎక్కువలో ఎక్కువ వీధి మలుపుదాకా వెళ్తుంది. ముంబై దాకా వెళ్లదు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. నిజంగానే పక్కింటి కుర్రాడు మీ పాస్‌వర్డ్ కనుక్కుని మీ నెట్ వాడుకున్నాడనుకుందాం. అప్పుడు కూడా అతని డేటా మీ లైన్ మీదుగానే పోతుంది, మీ ఐపీ అడ్రస్సే వాడుతుంది. కనబడే ఊరు మారదు. అంటే ఊరి పేరు చూసి వైఫై దొంగని పట్టుకోలేరు. పట్టుకోవాలంటే అదే రూటర్ పేజీలో కనెక్టెడ్ డివైజెస్ జాబితా చూడాలి. మీ ఇంట్లో లేని ఫోనో టీవీయో అక్కడ కనబడితే పాస్‌వర్డ్ మార్చేయండి.

"రూటర్ రీసెట్ చేయండి, డీఎన్‌ఎస్ మార్చండి"

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఆపి వేస్తే నష్టమేమీ లేదు. ఒక్కోసారి వేరే ఐపీ అడ్రస్ వచ్చి ఊరు కూడా మారుతుంది. రూటర్ వెనక చిన్న కన్నంలో పిన్ను పెట్టి నొక్కేది రీసెట్. దాంతో మీ వైఫై పేరు, పాస్‌వర్డ్‌తోపాటు కనెక్షన్ ఇచ్చినప్పుడు టెక్నీషియన్ ఎక్కించిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, వీల్యాన్ నంబర్ లాంటి కనెక్షన్ సెట్టింగ్స్ కూడా చెరిగిపోవచ్చు. ఇక మళ్లీ ఆ అబ్బాయి వచ్చేదాకా నెట్ ఉండదు. పిల్లలకి ఆన్‌లైన్ పరీక్షలున్న రోజుల్లో ఈ ఫార్వర్డ్ నమ్మి పిన్ను పెట్టకండి.

డీఎన్‌ఎస్ చేసే పని వేరు. మీరు టైప్ చేసిన వెబ్‌సైట్ పేరుకి దాని అడ్రస్ ఏమిటో వెతికి ఇస్తుంది. మీరెక్కడున్నారో వెబ్‌సైట్‌కి చెప్పదు. 8.8.8.8 పెట్టినా 1.1.1.1 పెట్టినా మీ ఐపీ అదే, ఊరూ అదే.

డీఎన్‌ఎస్‌తో నిజంగా జరిగే మోసం ఒకటుంది, దాన్ని కాదనకూడదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే వైరస్ లక్షల కంప్యూటర్లలో ఈ సెట్టింగ్ మార్చేసి జనాన్ని వేరే సైట్లకి మళ్లించింది. 2011 నవంబర్‌లో దాని వెనకున్న ముఠాని ఎస్టోనియాలో పట్టుకున్నారు. రూటర్లలో కూడా ఇలా మార్చేవాళ్లున్నారు. కానీ దాని లక్షణాలు వేరు. తెలిసిన సైట్ తెరిస్తే వేరే పేజీ వస్తుంది, బ్యాంకు సైట్‌కి సర్టిఫికెట్ సరిగ్గా లేదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది, ఎక్కడపడితే అక్కడ ప్రకటనలు వస్తాయి. గూగుల్ అడుగున ముంబై అని కనబడటం ఈ లక్షణాల్లో లేదు.

"వీపీఎన్ వేసుకుంటే సరిపోతుంది"

వీపీఎన్ అంటే మన డేటాని ముందు తన సర్వర్‌కి తీసుకెళ్లి, అక్కడినుంచి బయటికి పంపే యాప్. అది వేసుకుంటే ఊరు ఇంకా దూరం పోతుంది. కనబడేది వీపీఎన్ సర్వర్ ఉన్నచోటు కాబట్టి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలు ఐదేళ్లు దాచాలి. అది ఇష్టం లేక కొన్ని పెద్ద కంపెనీలు ఇండియాలో సర్వర్లు తీసేశాయి. ఇప్పుడు వాటిలో ఇండియా అని ఎంచుకున్నా అసలు సర్వర్ సింగపూర్ లాంటి చోట ఉంటుంది. ఇక ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత వీపీఎన్ వేసుకుంటే, మీ ఇంటి డేటా అంతా ఆ తెలియనివాళ్ల చేతి మీదుగా పోతుంది. నిజానికి భయపడాల్సింది దానికి. మీ ఫోన్లో ఇప్పటికే వీపీఎన్ ఉందేమో చూసుకోండి. ఐఫోన్‌లో ఐపీ అడ్రస్‌ని దాచే ప్రైవేట్ రిలే ఆన్ చేసి ఉన్నా వేరే ఊరు కనిపించవచ్చు.

"పోలీసులు మీ ఇంటికొస్తారు"

మన దగ్గర దర్యాప్తు గూగుల్ పేజీలోని ఊరి పేరుతో నడవదు. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా ఐపీ అడ్రస్, పోర్టు నంబర్ (ఒకే అడ్రస్ వాడేవాళ్లలో ఎవరో తేల్చే అంకె) ఎవరు వాడారని నెట్ కంపెనీని అడుగుతారు. కంపెనీ తన రికార్డు చూసి కనెక్షన్ ఎవరిదో చెబుతుంది. ఈ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్సు నిబంధన మార్చింది. మ్యాప్ మీద మీ ఇల్లు ముంబైలో కనబడ్డా, కంపెనీ రికార్డులో మీ పేరూ డోర్ నంబరూ మారవు.

"మ్యాప్‌లో పాత ఇల్లు చూపిస్తే ఎవరో నిఘా పెట్టారు"

ఇది కొన్ని గ్రూపుల్లో తర్వాత చేర్చిన మాట. ఇల్లు మారి, పాత రూటర్‌ని వెంట తెచ్చుకున్నవాళ్లకి ఇలా అవుతుంది. ఫోన్ చుట్టుపక్కల వైఫై బాక్సులను గుర్తుపట్టి తానెక్కడున్నదీ లెక్కేసుకుంటుంది. గూగుల్, యాపిల్ లెక్కల్లో మీ బాక్స్ ఇంకా విజయవాడలోనే ఉంటే, కూకట్‌పల్లిలో కూర్చున్నా మ్యాప్ విజయవాడ చూపిస్తుంది. కొన్నాళ్లకి దానంతటదే సర్దుకుంటుంది. తొందరగా సరిచేయాలంటే ఆరుబయటికొచ్చి జీపీఎస్ ఆన్ చేసి మ్యాప్స్ కాసేపు వాడండి.

"మారకపోతే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి"

దయచేసి చేయకండి. ఇలాంటి నంబర్లలో అవతలివాళ్లు మొదట అడిగేది స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమనే. ఎనీడెస్క్ యాప్ వేయించి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

ఊరు తప్పు పడటం వల్ల అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి, వాటిని సరిచేసుకోవచ్చు. వాతావరణం వేరే ఊరిది వస్తే గూగుల్ పేజీ అడుగున అప్‌డేట్ లొకేషన్ నొక్కి ఫోన్ జీపీఎస్‌కి అనుమతి ఇస్తే చాలు. స్పీడ్ టెస్ట్ దూరపు ఊరి సర్వర్ ఎంచుకుని తక్కువ స్పీడ్ చూపిస్తే, సర్వర్‌ని మీరే మార్చుకోండి. అమెరికాలో 5జీ హోమ్ ఇంటర్నెట్ పెట్టుకున్న మనవాళ్లకి యూట్యూబ్ టీవీలో వేరే నగరం లోకల్ ఛానళ్లు వస్తుంటాయి. సెట్టింగ్స్‌లో ఏరియా అన్నచోటికెళ్లి ఫోన్‌తో లొకేషన్ ధ్రువీకరిస్తే సరిపోతుంది.

ఏదైనా సైట్ దేశమే తప్పనుకుని లోపలికి రానివ్వకపోతే, మీ పబ్లిక్ ఐపీని మ్యాక్స్‌మైండ్, ఐపీటూలొకేషన్, ఐపీఇన్ఫో సైట్లలో చూడండి. ఎవరి పట్టికలో తప్పుందో తెలుస్తుంది. దిద్దమని అడిగే ఫారం వాటిలోనే ఉంటుంది, గూగుల్‌కీ ఒకటుంది. అయితే సీజీన్యాట్ వెనక ఉన్నవాళ్లు తమ ఊరి పేరు రాయమని అడగడంలో అర్థం లేదు. అదే అడ్రస్‌ని ఇంకో జిల్లావాళ్లు కూడా వాడుతుంటారు. అలాంటప్పుడు నెట్ కంపెనీకే రాయాలి. ఏ అడ్రస్ ఏ ప్రాంతానిదో తెలిపే జియోఫీడ్ అనే ఫైలుని కంపెనీలే ప్రచురించవచ్చు, దాని పద్ధతిని 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురించారు. ఫిర్యాదులో మీ పబ్లిక్ ఐపీ, చూసిన తేదీ, టైము, తప్పు చూపిస్తున్న సైట్ పేరు రాసి, జియోఫీడ్ సరిచేయమని అడగండి. కస్టమర్ కేర్‌లో మొదట మాట్లాడేవాళ్లకి ఆ పేరు తెలియకపోతే, నెట్‌వర్క్ టీమ్‌కి పంపమని చెప్పి టికెట్ నంబర్ తీసుకోండి.