సీటు సరే, చదువు సంగతి?

కొత్త విద్యా సంవత్సరానికి ప్రవేశాల హడావుడి మొదలైంది. కౌన్సెలింగ్‌లో దివ్యాంగుల కోటా సీట్లు భర్తీ అవుతాయి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల జిరాక్సులు ఫైళ్లలో చేరతాయి. అక్కడితో తమ వంతు అయిపోయిందని విశ్వవిద్యాలయాలు ఊపిరి పీల్చుకుంటాయి. విద్యార్థి కష్టాలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లను 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి. వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఇవ్వాలి. ఇవి లెక్కకు అందే సంగతులు. అమలు కాకపోతే నిలదీయడానికి వీలుంది. అదే చట్టం చెప్పిన మిగతా మాటలున్నాయే, తరగతి గది దాకా వెళ్లగలగడం, పాఠం చదువుకోగలగడం, పరీక్ష రాయగలగడం, అవన్నీ ఎవరో ఒకరి మంచితనం మీద నడుస్తున్నాయి. మంచి విభాగాధిపతి (హెచ్‌వోడీ) దొరికితే గట్టెక్కినట్టు, లేకపోతే లేదు. హక్కుగా రావలసినదాని కోసం ప్రాధేయపడాల్సిన ఈ పరిస్థితి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రాంగణాల్లోనైనా పోవాలి. ఏ ప్రాంగణంలో ఏముంది, ఏది లేదు అని మార్కులు వేయడం మా ఉద్దేశం కాదు. అడగవలసిన ప్రశ్నలు అన్ని చోట్లా ఒకటే.

ముందుగా పరీక్షల సంగతి. చూపు లేని విద్యార్థికి, చేతులు సహకరించని విద్యార్థికి స్క్రైబ్, అంటే తాను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మాటలు చాలా స్పష్టంగా చెప్పాయి. స్క్రైబ్‌ను విద్యార్థి తానే తెచ్చుకోవచ్చు, లేదా పరీక్ష పెట్టే సంస్థను అడగవచ్చు. సంస్థ ఇచ్చేటట్టయితే, ఆ వ్యక్తి తనకు సరిపోతాడో లేదో చూసుకోవడానికి పరీక్షకు రెండు రోజుల ముందే కలిసే వీలు కల్పించాలి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా, అంటే మూడు గంటల పేపరుకు గంట, అదనపు సమయం ఇవ్వాలి. వీలైనంత వరకూ పరీక్ష గది కింది అంతస్తులోనే ఉండాలి.

ఆచరణలో జరిగేది వేరు. ‘మీరే ఎవరినైనా తెచ్చుకోండి’ అన్నది ఆనవాయితీ అయిపోయింది. 2018 మార్గదర్శకాల ప్రకారం తెచ్చుకునే స్క్రైబ్ చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. పీజీ విద్యార్థి డిగ్రీ వాళ్లను వెతుక్కోవాలి, డిగ్రీ విద్యార్థి ఇంటర్ వాళ్లను. వాళ్ల పరీక్షలూ ఆ రోజుల్లోనే పడతాయి. చివరికి దొరికిన కుర్రాడికి ఆ సబ్జెక్టులో ఓనమాలు తెలియవు. భౌతికశాస్త్రం పేపరులో ‘లాంబ్డా’ అంటే ఎలా రాయాలని అడుగుతాడు. ఒక్కో అక్షరం ఎలా ఉంటుందో వర్ణించి చెప్పేసరికి ఆ అదనపు గంట కాస్తా కరిగిపోతుంది. ఏడాదంతా చదివిన చదువు ఒక పూటలో వేరొకరి దస్తూరీ మీద, ఓపిక మీద ఆధారపడిపోతుంది. స్క్రైబ్‌కు దారి ఖర్చులు, భోజనం, ఇంకాస్త చేతిలో పెట్టేది కూడా ఆ విద్యార్థి ఇంటి నుంచే. నెలకు 6,000 రూపాయల పింఛనే ఆధారమైన ఇళ్లకు అదేమీ చిన్న బరువు కాదు.

విశ్వవిద్యాలయం తలచుకుంటే ఇదేమంత కష్టం? అనుబంధ కళాశాలల్లో ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు ఉన్నారు. సబ్జెక్టులవారీగా పేర్లు రాసుకుని, ఒక పూట శిక్షణ ఇచ్చి, గౌరవవేతనం నిర్ణయించి, జాబితాను పరీక్షల విభాగం దగ్గర పెట్టుకుంటే చాలు. ఇంకో మాట: 40 శాతం వైకల్య సర్టిఫికెట్ లేదన్న ఒకే కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఆ సివిల్స్ అభ్యర్థి సమస్య రాసేటప్పుడు చేయి కొంకర్లు పోవడం. ఈ తీర్పు ఢిల్లీకి మాత్రమే కాదు, మన కౌంటర్లలో కూర్చునే గుమాస్తా దాకా చేరాలి.

పుస్తకాల సంగతి ఇంకా విచిత్రం. చూపు లేని విద్యార్థుల్లో చాలామంది ఈనాడు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటూ చదువుకుంటున్నారు. ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. కానీ మన నోట్సు దానికి అందదు. తెలుగు మెటీరియల్‌లో చాలా భాగం అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసినదే. అవి తెరమీద తెలుగు అక్షరాల్లా కనిపిస్తాయిగానీ కంప్యూటర్ లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. మన కంటికి ‘ప్రబంధ యుగం’ అని కనిపించే చోట స్క్రీన్ రీడర్ అర్థంపర్థం లేని అక్షరాలేవో గొణుగుతుంది. ఇక ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేసిన నోట్సయితే దానికి ఉత్త బొమ్మే. తెలుగు అచ్చు రంగమంతా దశాబ్దాలు ఇలాంటి ఫాంట్ల మీదే నడిచింది కాబట్టి ఒక్క అధ్యాపకులనే తప్పుపట్టలేం. అయితే ఇకపై సిలబస్, నోట్సు, ప్రశ్నపత్రాలు, నోటీసులు, కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోనే ఉండాలని రిజిస్ట్రార్ ఒక సర్క్యులర్ ఇవ్వడానికి అడ్డేమిటి? రూపాయి ఖర్చు లేని పని ఇది. పాత మెటీరియల్‌ను మార్చడానికి మాత్రం మనుషులు, డబ్బు కావాలి. అది గ్రంథాలయ బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి.

ర్యాంపుల గురించి అందరూ మాట్లాడతారు, కొలత గురించి ఎవరూ మాట్లాడరు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు 12 అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. రెండడుగుల అరుగుకు 24 అడుగులు. మన ప్రభుత్వ భవనాల ముందు కనిపించేవి మెట్ల పక్కన అయిదారడుగుల్లో ముగించిన సిమెంటు జారుడుబల్లలు. ఎక్కేటప్పుడు వీల్‌చైర్‌ను ఇద్దరు నెట్టాలి, దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. మిగతా వేళల్లో దానికి అడ్డంగా మోటార్ సైకిళ్లు. మిత్రులు నలుగురు కుర్చీతో సహా ఎత్తుకుని పై అంతస్తుకు చేర్చే ఫొటో వస్తే స్నేహానికి నిదర్శనమని అచ్చేయడం పత్రికలకూ సరదాయే. ఆ నలుగురూ సెలవు పెట్టిన రోజు ఆ అబ్బాయి క్లాసు ఏమైందని ఎవరూ అడగరు. ఆడపిల్లల విషయంలో ఆ ఫొటో కూడా ఉండదు. అందుబాటులో మరుగుదొడ్డి లేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా గడిపే పిల్లల బాధ ఏ నివేదికకూ ఎక్కదు.

‘పాత కట్టడాలండీ, ఏం చేస్తాం’ అన్న సమాధానం తరచూ వినిపిస్తుంది. ఈ జిల్లాల్లో ఆ మాట చెల్లదు. దివ్యాంగుల కోసం దేశంలో తొలి సమగ్ర చట్టం 1995లో వచ్చింది. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో, జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం 2022లో ఏర్పడ్డాయి. చట్టం కంటే వయసులో చిన్నవే అన్నీ. పూర్వపు కేంద్రాల నుంచి వారసత్వంగా వచ్చిన భవనాలున్నా, అలాంటి వాటిని సరిచేయడానికి 2016 చట్టం ఇచ్చిన అయిదేళ్ల గడువు 2022లోనే ముగిసింది. పైగా ఈ ప్రమాణాలు సలహాలుగా కాక తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు పునాది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని పరిశోధన కేంద్రం ఇచ్చిన నివేదిక. లిఫ్టు పెట్టడానికి నిధులు, టెండర్లు కావాలి, నిజమే. ఒక విద్యార్థి ఉన్న సెక్షన్‌ను కింది గదికి మార్చడానికి సిమెంటు అక్కర్లేదు, సంతకం చాలు.

గిరిజన విశ్వవిద్యాలయం శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. మెంటాడ, దత్తిరాజేరు మండలాల పరిధిలో కొత్తగా లేచే ప్రతి గోడా నక్షా దశ నుంచే అందరికీ సరిపడేలా ఉండాలి. కట్టాక పగలగొట్టి సరిచేయడం కంటే చవక కూడా. ఆ ప్రాంగణం గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో వంశపారంపర్యంగా వచ్చే రక్త రుగ్మత సికిల్‌సెల్ వ్యాధి ఒకటి. మన మన్యం బిడ్డల్లో ఇది ఉన్నదే. బయటికి ఏమీ కనిపించదు. ఒక్కసారిగా ఒళ్లంతా నొప్పులు కమ్ముకుంటే రోజుల తరబడి మంచం దిగలేరు. 75 శాతం హాజరు లేదని అలాంటి పిల్లను పరీక్షకు కూర్చోనివ్వకపోతే, హాస్టల్లో మూడో అంతస్తు గది ఇచ్చి తాగునీరు కింద పెడితే, ప్రవేశద్వారం దగ్గర ఎంత చక్కని ర్యాంపు కట్టినా ఆమెకు ఒరిగేదేమీ లేదు.

ఇది మన నేలకు కొత్త ఆలోచన కూడా కాదు. విజయనగరం సంగీత కళాశాల పుట్టుక గురించి ఊళ్లో పెద్దలను అడిగితే చెబుతారు. సంస్థానంలో పనిచేసే ఉద్యోగి కుమారుడు చూపు లేనివాడు, సంగీతం మీద ప్రాణం పెట్టుకున్నవాడు. ఆ కుర్రాడికి నేర్పించే ఏర్పాటు చేయబోయి విజయరామ గజపతి 1919లో ఏకంగా కళాశాలనే తెరిచారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు. చూపు మందగించి బడి చదువు సాగని ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యులై, తర్వాత ఆ కళాశాలకే అధిపతి అయ్యారు. ఒక్క విద్యార్థి అవసరం కోసం మొదలైన ఏర్పాటు తర్వాత ఎన్ని తరాలకు పనికొచ్చిందో తెలుగునాడుకు తెలుసు. రాజుగారి దయ తలుపు తెరిచిన కాలం అది. ఇప్పుడున్నది చట్టం.

కాబట్టి ఈ ప్రవేశాల్లోనే కొన్ని పనులు జరగాలి. దరఖాస్తులో వైకల్య శాతం అడిగే గడి ఎలాగూ ఉంది. దాని పక్కనే, చదువుకోవడానికి మీకు ఏమేం కావాలి అని అడిగే చోటు పెట్టాలి. ప్రతి విశ్వవిద్యాలయంలో దీనికి బాధ్యుడైన ఒక అధికారి ఉండాలి. ఇతర బాధ్యతలతో పాటు అదనంగా అంటగట్టిన అధ్యాపకుడు కాదు, సొంత పద్దు, గది, ఫోన్ నంబరు ఉన్న అధికారి. విద్యార్థి రాసిన ప్రతి అవసరానికీ క్లాసులు మొదలయ్యేలోపు సంతకంతో జవాబు రావాలి. ఇచ్చేది ఎప్పటికి ఇస్తారో, కుదరనిది ఎందుకు కుదరదో అందులో రాయాలి. నోటిమాటతో ‘చూద్దాంలే’ అని తిప్పి పంపడం ఆగాలి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరకు వెళ్లాలన్నా, కోర్టు మెట్లెక్కాలన్నా ఆ విద్యార్థి చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.