మెనోపాజ్‌ను చలి ఖాతాలో వేయకండి

రాత్రి రెండు గంటలు. బయట చలి ఎముకలు కొరికేస్తోంది. అలాంటి వేళ ఛాతీ దగ్గర మొదలైన సెగ మెడకి, ముఖానికి పాకుతుంది. రగ్గు తన్నేసి, స్వెట్టర్ విప్పేసి లేచి కూర్చుంటుంది ఆమె. కొన్ని నిమిషాల్లో సెగ దిగిపోతుంది. ఆ వెంటనే చెమటకి తడిసిన బట్టలు ఒంటికి అతుక్కుని వణుకు పుడుతుంది. బట్టలు మార్చుకుని మళ్లీ రగ్గు కప్పుకునేసరికి నిద్ర ఎగిరిపోతుంది. తెల్లారాక ఎవరైనా అడిగితే "చలికి నిద్ర పట్టలేదు" అంటుంది.

ఆ చివరి మాటే నన్ను బాధపెడుతుంది. సాధారణంగా 45-55 ఏళ్ల మధ్య నెలసరి ఆగిపోతుంది, అదే మెనోపాజ్. ఆ ముందూ వెనకా వచ్చే ఇబ్బందులకు చలికాలం తేలిగ్గా దొరికే సాకు. చర్మం పగిలిందా, చలి. కీళ్లు పట్టేశాయా, చలి. మనసు బాగోలేదా, పొద్దు తొందరగా వాలిపోతోంది కదా మరి. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడం వల్ల వచ్చినదానికి వైద్యం ఉంది. అంతా చలి మీదికి నెట్టేస్తే ఆ వైద్యం అడిగేవాళ్లే ఉండరు. పోనీ, చలి తగ్గితే అదే తగ్గుతుందా? అమెరికాలో ఏళ్ల తరబడి మహిళలను పరిశీలించిన స్వాన్ అధ్యయనంలో, తరచూ వేడి ఆవిర్లు (పైన ఆమెకు వచ్చినలాంటి సెగ, చెమట) వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగానే ఉన్నాయి.

ఒంటి వేడిని అదుపులో ఉంచేది మెదడులోని హైపోథాలమస్. ఈస్ట్రోజన్ తగ్గితే దానికి ఓర్పు తగ్గిపోతుంది. వేడి రవ్వంత పెరిగినా ఒళ్లు కాలిపోతోందన్నట్టు చెమట పట్టిస్తుంది. అందుకే తలుపులన్నీ బిగించిన గది, హీటర్, మందపాటి స్వెట్టర్ కొందరిలో ఆవిర్లను ఇంకా రెచ్చగొడతాయి. ఒక మందపాటి స్వెట్టర్ బదులు పలుచని బట్టలు రెండు మూడు వేసుకుంటే ఒక్కొక్కటీ తీసేయడం తేలిక. ఒంటికి తగిలేది నూలుదైతే మేలు. మంచం పక్కనే పొడి బట్టలు ఒక జత పెట్టుకుంటే అర్ధరాత్రి బీరువా వెతికే పని తప్పుతుంది.

చర్మానిది రెండు వైపుల నుంచి దెబ్బ. మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. దానికి పొడి గాలి తోడవుతుంది. పొగలు కక్కే నీళ్లతో స్నానం హాయిగానే ఉంటుంది కానీ మిగిలిన కాస్త జిడ్డునూ కడిగేస్తుంది. గోరువెచ్చని నీళ్లు చాలు. ఒళ్లు తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి.

ఎవరూ బయటికి చెప్పని పొడిదనం ఇంకొకటి ఉంది. యోని దగ్గర మంట, దురద, కలయికలో నొప్పి. మూత్రనాళం దగ్గరి పొర కూడా పలచబడటంతో ఇన్ఫెక్షన్లు సులువుగా వస్తాయి. చలికాలంలో దాహం వేయక నీళ్లు తక్కువ తాగితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. వేడి ఆవిర్లు కాలంతో పాటు తగ్గొచ్చేమో గానీ ఈ సమస్య వైద్యం చేయించుకోకపోతే ముదురుతుంది. అక్కడే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీములు బాగా పనిచేస్తాయి, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఇంత సులువైన మందు ఉండగా సిగ్గుపడి ఏళ్లకేళ్లు మంట భరించడం నాకు మింగుడు పడదు.

తగ్గిన ఈస్ట్రోజన్‌ను మందుగా ఇచ్చే హార్మోన్ చికిత్స అనగానే భయపడేవారు ఇప్పటికీ ఎక్కువే. 2002లో అమెరికాలో ఈ చికిత్సపై జరుగుతున్న ఒక పెద్ద అధ్యయనాన్ని ముప్పులు కనబడి మధ్యలో ఆపేసినప్పటి నుంచి ఆ భయం పాతుకుపోయింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. అరవై దాటనివారిలో, లేదా నెలసరి ఆగి పదేళ్లు కానివారిలో, వేరే ముప్పులు లేకపోతే లాభమే ఎక్కువని తర్వాత తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి సాధారణంగా ఇది ఇవ్వరు. అలాంటివారికి హార్మోన్ లేని మందులున్నాయి.

చలిని, మెనోపాజ్‌ను రెంటినీ పక్కన పెట్టి చూడాల్సినవీ ఉన్నాయి. అస్తమానం చలిగా ఉండి, నీరసం, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి బీపీ పెరుగుతుంది, మెనోపాజ్ తర్వాత చెడు కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది. చెమటతో పాటు ఛాతీలో బరువు, దవడ నొప్పి, ఆయాసం ఉంటే వేడి ఆవిరి అనుకుని పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి ఆగి ఏడాది నిండాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనబడినా డాక్టర్‌కు చూపించుకోవాలి. అప్పుడు చలి తగ్గేదాకా ఆగడం కూడా పొరపాటే.