లవం ఏది, హారం ఏది? ఏఐ చేతికిచ్చే టూల్ ముందు చెప్పాల్సింది అదే

ఫలానా కంపెనీ ఆర్‌ఓఈ (వాటాదారుల సొమ్ము మీద వచ్చిన లాభ శాతం) ఎంత అని ఏఐ అసిస్టెంట్‌ని అడిగితే తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తుంది. ఆ అంకె ఎక్కడిదో అడిగితే మాత్రం నమ్మకంగా ఏమీ చెప్పలేదు. అది శిక్షణలో ఎక్కడో చదివిన పాత ఏడాది లెక్క కావచ్చు, అప్పటికప్పుడు నోటితో వేసిన భాగహారమూ కావచ్చు. అందుకే లెక్కల పనిని ఏఐ మోడల్ నుంచి తప్పించి, అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాంకి, అంటే టూల్‌కి అప్పగిస్తున్నారు. 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్, మోడళ్లను బయటి టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక ఈ పని తేలికైంది. షేర్ల బ్రోకర్ జెరోధా కూడా 2025లో తన కైట్ యాప్ ఖాతాదారుల కోసం ఆ పద్ధతిలో నడిచే సర్వర్ తెచ్చింది. పైథాన్ వచ్చినవాళ్లు రెండు మూడు రోజుల్లో యాభై నిష్పత్తులు లెక్కగట్టే టూల్ రాసేస్తున్నారు.

యాభై అక్కర్లేదు, పన్నెండు చాలు. అయితే ఆ పన్నెండింటిలో ప్రతిదీ తన లవాన్నీ హారాన్నీ వెంటబెట్టుకుని రావాలి. ఒట్టి ‘18.4’ అని ఇచ్చే టూల్ మోడల్ నోటి లెక్క కంటే ప్రమాదకరం. తప్పు అంకెకు ‘డేటా నుంచి వచ్చింది’ అన్న ముద్ర కూడా పడిపోతుంది మరి.

రిలయన్స్‌నే తీసుకుందాం. 2023-24లో కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలన్నీ కలిపిన) నికర లాభం 79,020 కోట్లు. జియో, రిటైల్ వంటి అనుబంధ సంస్థల్లో బయటి ఇన్వెస్టర్లకు చెందిన వాటా తీసేస్తే రిలయన్స్ వాటాదారులకు మిగిలింది 69,621 కోట్లు. కంపెనీ ప్రకటించిన 102.90 రూపాయల ఈపీఎస్ (ఒక్కో షేరుకి వచ్చే లాభం) ఈ రెండో అంకె నుంచి వచ్చింది. లవంలో మొదటి అంకె వేస్తే అది 117 దగ్గర తేలుతుంది. రెండు అంకెలూ ఫలితాల్లో ఉన్నవే, రెంటి పేరూ లాభమే. ఏది తీసుకున్నావో టూల్ చెప్పకపోతే మోడల్‌కి తెలిసే దారి లేదు.

అదే షేరుకి 2024 అక్టోబరు 28 రికార్డు తేదీగా 1:1 బోనస్ (ఉన్న ఒక్కో షేరుకి ఇంకోటి ఉచితం) వచ్చింది. ధర సుమారు 2,650 నుంచి 1,330కి సర్దుకుంది. ధరలిచ్చే సర్వర్ ఆ రోజే మారిపోయింది కానీ పాత వార్షిక ఫలితాల్లోని 102.90 అలాగే ఉంది. కొత్త ధరను పాత ఈపీఎస్‌తో భాగిస్తే 26 ఉండాల్సిన పీఈ (ధర, లాభాల నిష్పత్తి) 13 అవుతుంది. ‘షేరు సగం ధరకే దొరుకుతోంది’ అని అసిస్టెంట్ చక్కటి తెలుగులో రెండు పేరాలు రాసిపెడుతుంది. ఈ ఉచ్చు తప్పించుకోవాలంటే ఈపీఎస్‌ని నేరుగా వాడకుండా, మార్కెట్ విలువని (మొత్తం షేర్ల ధరని) వాటాదారుల లాభంతో భాగించాలి. షేర్ల సంఖ్య కూడా బోనస్ తర్వాతిదేనా అని చూసుకోవాలి.

హారం దగ్గర ఇంకో తిరకాసు. ఏడాది మొదట్లో 500 కోట్ల నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేది) ఉన్న కంపెనీ ఫిబ్రవరిలో కొత్త షేర్లు జారీ చేసి 700 కోట్లతో ఏడాది ముగించిందనుకోండి. లాభం 120 కోట్లు. ముగింపు నెట్‌వర్త్‌తో భాగిస్తే ఆర్‌ఓఈ 17.1 శాతం, సగటుతో భాగిస్తే 20 శాతం. ఏ పద్ధతైనా తప్పు కాదు. ఒక కంపెనీకి ఒకటి, పక్క కంపెనీకి ఇంకోటి వాడి పోల్చడమే తప్పు.

నెట్‌వర్త్ సున్నా కిందికి పోయిన కంపెనీల సంగతి మరీ విడ్డూరం. వొడాఫోన్ ఐడియా 2023-24లో సుమారు 31 వేల కోట్లు నష్టపోయింది. అప్పటికి నెట్‌వర్త్ లక్ష కోట్లకు పైగా మైనస్‌లో ఉంది. మైనస్‌ని మైనస్‌తో భాగిస్తే ప్లస్ 30 శాతం ఆర్‌ఓఈ! ‘ఆర్‌ఓఈ 25 దాటిన కంపెనీలు చూపించు’ అంటే ఆ జాబితాలో ఇదీ దర్జాగా కూర్చుంటుంది. నెట్‌వర్త్ మైనస్‌లో ఉంటే టూల్ అంకె ఇవ్వకూడదు, ‘వర్తించదు’ అనాలి. సున్నా అని ఇచ్చినా పొరపాటే, మోడల్ దాన్ని నిజంగానే సున్నా అనుకుంటుంది.

ఎర్రర్ సందేశాన్ని కూడా మోడలే చదువుతుందని చాలామంది మరిచిపోతారు. బ్యాంకుకి డెట్-ఈక్విటీ (అప్పుకీ సొంత మూలధనానికీ నిష్పత్తి) అడిగినప్పుడు ‘డేటా లేదు’ అని వస్తే, మోడల్ ఆ ఖాళీని తన జ్ఞాపకంతో పూడ్చేస్తుంది. దానికి బదులు ‘బ్యాంకుకి డిపాజిట్లే ముడిసరుకు, ఈ నిష్పత్తి వర్తించదు, స్థూల ఎన్‌పీఏ (మొండి బకాయిలు), నికర వడ్డీ మార్జిన్, మూలధన నిష్పత్తి అడుగు’ అని రాస్తే అది బుద్ధిగా ఆ దారి పడుతుంది.

కాలం సంగతి. మన దగ్గర కంపెనీలు మూడు నెలలకోసారి లాభనష్టాలు చెప్పినా, ఆస్తి అప్పుల పట్టీ ఇచ్చేది సెప్టెంబరు, మార్చి ఫలితాలతోనే. జూన్ త్రైమాసికానికి డెట్-ఈక్విటీ అడిగితే నిజానికి దొరికేది మార్చిదే. ఆ తేదీ జవాబులో కనపడాలి. ఇక ఒక త్రైమాసికాన్ని నాలుగుతో హెచ్చవేసి ఏడాది లాభం అనడం మోడళ్లకు ఇష్టమైన అడ్డదారి. రొయ్యల మేత అమ్మే అవంతి ఫీడ్స్‌లాంటి కంపెనీకి సాగు జోరుగా ఉండే ఏప్రిల్-జూన్ లెక్క వేరు, చలికాలం లెక్క వేరు. గత నాలుగు త్రైమాసికాలూ కూడే పని టూలే చెయ్యాలి. కూడినా ఒక్కోసారి బోల్తా పడతాం. 2025 మార్చి త్రైమాసికంలో ఐటీసీ లాభంలో 15 వేల కోట్లకు పైగా హోటళ్ల విభజన వల్ల పద్దుల్లో చేరినదే, సిగరెట్లు అమ్మితే వచ్చింది కాదు. అలాంటిది తీసేసిన పీఈ, తియ్యని పీఈ రెండూ ఇవ్వడం మేలు.

ఇంత చేసినా టూల్ లెక్క సరిచూస్తుందే తప్ప పద్దు నిజమో కాదో చూడలేదు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి సత్యం కంప్యూటర్స్ ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం మార్జిన్. అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లేనని 2009 జనవరి 7 నాటి లేఖలో ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్నారు. లేని నగదుకు లేని వడ్డీని కూడా పద్దుల్లో చూపారు కాబట్టి రెంటినీ పోల్చి చూసే నిష్పత్తికైనా అనుమానం వచ్చేది కాదు.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 డిసెంబరులో తెచ్చిన సవరణల ప్రకారం, రీసెర్చ్ అనలిస్టులు ఏఐని ఎంతవరకు వాడుతున్నారో క్లయింట్లకు చెప్పాలి. ఫలితానికి బాధ్యత కూడా వాళ్లదే. కాబట్టి టూల్‌ని జనంలోకి వదిలే ముందు ఒక ఎనిమిది కంపెనీల మీద పరీక్షించాలి. అందులో ఒక బ్యాంకు, నెట్‌వర్త్ మైనస్‌లో ఉన్నది ఒకటి, ఈమధ్యే బోనస్ ఇచ్చినది ఒకటి, విలీనమైనది ఒకటి తప్పక ఉండాలి. విలీనానికి 2023 జులై 1 తర్వాతి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ సరిగ్గా సరిపోతుంది. వార్షిక నివేదిక దగ్గర పెట్టుకుని ఎనిమిదింటికీ లెక్క చేత్తో వేయండి. తర్వాత అదే ప్రశ్నని అసిస్టెంట్‌ని మూడు రకాలుగా, మూడుసార్లు అడగండి. అంకెతో పాటు పక్కన తేదీ, లవం, హారం కూడా మారుతుంటే టూల్‌లో కాదు, మోడల్ దాన్ని పిలిచే తీరులో తేడా ఉందని అర్థం. అప్పుడు తిరగరాయాల్సింది కోడ్ కాదు, ఆ టూల్ ఏం చేస్తుందో చెప్పే రెండు వాక్యాల వివరణ.