తిరుపతి మిద్దెకు న్యూజెర్సీ సలహాలు వద్దు

న్యూజెర్సీలో మేము టమాట నారు బయట నాటేది మే రెండో వారం దాటాకే. అప్పటిదాకా రాత్రిళ్లు మంచు భయం పోదు. అదే మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ ఒక్క తేడా మరిచిపోయి, ఇక్కడి వీడియోల్లో చూసిన చిట్కాలన్నీ అక్కడ మిద్దె మీద మొక్కలు పెంచుకుంటున్న అమ్మానాన్నలకు వాట్సాప్‌లో పంపుతున్నాం. నేనూ పంపాను. ఆ అలవాటు మానుకుందామని మన సంఘం మిత్రులను అడగడానికే ఇది రాస్తున్నాను.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లోనే టమాట కిలో 150 రూపాయలు దాటింది. అప్పుడు మా వీధిలో చాలామంది లాగే అమ్మ కూడా కుండీల్లో టమాట మొదలుపెట్టింది. ఆ డిసెంబర్‌లో వీడియో కాల్‌లో కాయలు చూపించింది. అడుగు భాగం నల్లబడి తోలులా గట్టిపడి ఉంది. "కాల్షియం తక్కువైందమ్మా, మందు కొట్టు" అన్నాను. అమ్మ అంగడికి వెళ్లి అడిగితే ఒకటికి మూడు సీసాలు అంటగట్టారు. అవి కొట్టినా నలుపు ఆగలేదు. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేయమని కూడా చెప్పాను. ఆ పెంకు మట్టిలో కరిగి వేరుకు అందడానికి నెలలు పడుతుందని నాకప్పుడు తెలియదు.

సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులు మిద్దె మీద కూర్చుంటే గానీ సంగతి అర్థం కాలేదు. కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన రోజు అమ్మ కుండీలు పొంగిపొర్లేలా పోస్తుంది. మర్నాటికి మట్టి బీటలు వారుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా అది నీటితో పాటే పైకి ఎక్కాలి. నీళ్లు తగ్గితే ఉన్న కాస్తా ఆకులు లాగేసుకుంటాయి, కాయ అడుగుకు అందదు. జబ్బు మట్టిలో లేదు, నీళ్లు పోసే పద్ధతిలో ఉంది. పక్కింటి అత్త వాళ్ల ఊరి నుంచి ఒక బస్తా వేరుశనగ పొట్టు తెప్పించి కుండీల్లో మట్టి మీద రెండంగుళాల మందాన పరిచాం. అమ్మ డ్రమ్ములో నీళ్లు పట్టి పెట్టుకుని రోజూ పొద్దున్నే కొంచెం కొంచెం పోయడం మొదలుపెట్టింది. నల్లబడిన కాయ బాగుపడదు, కోసేయాల్సిందే. ఆ తర్వాత దిగిన పిందెలు మాత్రం శుభ్రంగా ఎదిగాయి.

చిత్తూరులో మా పిన్నిది ఇంకో బాధ. ఉగాది తర్వాత ఫోన్ చేసి "పూతంతా రాలిపోతా ఉంది నాయనా, ఏం మందు కొట్టమంటావు?" అంది. ఏ మందూ లేదు పిన్నీ అన్నాను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పాడవుతుంది, పిందె పట్టదు. పట్టిన కాయ కూడా ఆ వేడికి సరిగ్గా ఎర్రబడక పసుపుగానే ఉండిపోతుంది. పచ్చ షేడ్ నెట్ కట్టి మొక్కను బతికించుకోవచ్చు, అంతే. యూరియా వేస్తే ఆకు పెరుగుతుంది గానీ పూత నిలవదు. మన వైపు ఇంటి టమాటకు మంచి కాలం శీతాకాలం. వినాయక చవితి దాటాక నారు పోసుకుంటే సంక్రాంతికి కాయలు తినొచ్చు. మధ్యలో ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులయ్యాయి కదా, అలాంటి వాన కుండీలో నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. వాన వస్తుందనుకుంటే దోర కాయలు ముందే కోసి ఇంట్లో పండబెట్టుకోవడం మేలు, లేకపోతే ఒక్కసారిగా నీళ్లు తాగి పగులుతాయి.

అన్నిటికన్నా నాకు దిగులు ఆకుముడత గురించే. ఎండకు అడుగు ఆకులు పైకి చుట్టుకోవడం వేరు. అది జబ్బు కాదు, మొక్క నీళ్లు కాపాడుకోవడం. ముడత వైరస్ వస్తే పై చిగురు చిన్నదై, ముడుచుకుని, అంచులు పసుపు పచ్చగా మారతాయి, మొక్క గిడసబారిపోతుంది. దానికి మందు లేదు. ఫోటో పంపగానే మనం ఏదో ఒక స్ప్రే పేరు చెబుతాం. ఈలోగా తెల్లదోమ ఆ మొక్క నుంచి పక్క మొక్కకు వైరస్ మోసుకుపోతుంది. మొక్కను కదిపితే ఆకుల కింద నుంచి తెల్లటి చుక్కల్లా లేచేది ఆ దోమే. నారు దశలోనే సన్నటి నైలాన్ వల కప్పి దాన్ని రానీయకపోవడం అన్నిటికన్నా గట్టి రక్షణ. పెరిగిన మొక్కల మధ్య పసుపు జిగురు అట్టలు కడితే కొంత చిక్కుతుంది. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొడితే దోమ తగ్గుతుంది. వైరస్ పట్టిన మొక్కను మాత్రం పీకి సంచిలో కట్టి పారేయాలి.

ఇంకొక్క మాట. సూట్‌కేసులో ఇక్కడి విత్తనాలు పట్టుకెళ్లకండి. విత్తనాలు దేశంలోకి తీసుకెళ్లడానికి అనుమతి, ధ్రువపత్రం ఉండాలి. పైగా ఇక్కడ మనం ముచ్చటపడే పెద్దకాయల పాత రకాలు మన ముడత వైరస్‌ను తట్టుకోలేవు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడతను, వడలు తెగులును, ఆకుమాడును తట్టుకుంటుంది. అమ్మానాన్నలకు ఏమైనా పంపాలనుకుంటే ఆ విత్తనాలు కొనిపెట్టండి. తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఆకు పట్టుకెళ్లి అక్కడ అడగమని చెప్పండి. ఏడు సముద్రాల అవతల నుంచి ఫోటో చూసి మనం చెప్పేదానికన్నా వాళ్ల మాటే నమ్మదగ్గది.

అమ్మ ఈసారి ఆరు మొక్కలు నాటింది. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "రెండిటికి చిగురు ముడుచుకుంది నాయనా. పీకాలంటే మనసు రాలేదు, అయినా పీకేసినా" అంది. మిగతా నాలుగు పూతకొచ్చాయి.