షోరూం సంగతి సర్వీస్ కౌంటర్ దగ్గర తెలుస్తుంది

2025 దసరాకు మా చెల్లెలు స్కూటర్ కొనుక్కుంది. ఆ సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అది తగ్గేదాకా ఆగి, తనతో పాటు నేనూ షోరూంకు వెళ్లాను. మర్యాదకు లోటు లేదు. కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చారు. బండి ఎవరికి అని అడిగితే తనకే అని చెప్పింది. అయినా మైలేజీ, ఈఎంఐ, వారంటీ అన్నీ నాకే వివరించారు. తనతో మాత్రం "మేడమ్, మీరు కలర్ చూసుకోండి" అన్నారు. ఆరేళ్లుగా రోజూ స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషి ఆమె.

కొటేషన్ చేతికొచ్చింది. ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వరకు అర్థమైంది. వాటి కింద హ్యాండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీ కిట్, టెఫ్లాన్ కోటింగ్. మూడూ కలిపి ఆరు వేలు దాటాయి. హ్యాండ్లింగ్ అంటే ఏమిటని చెల్లెలు అడిగింది. "అందరికీ ఉంటుంది మేడమ్, సిస్టమ్‌లోనే వస్తుంది" అన్నాడు సేల్స్ అబ్బాయి. కిట్ వద్దంటే డెలివరీకి రెండు వారాలు పడుతుందట. పండగ రోజు బండి ఇంటి ముందుండాలని అమ్మ ఆశ. కట్టేశాం. పూలదండ వేశారు, తాళం చేతికిస్తూ ఫొటో తీశారు, టైర్ల కింద నిమ్మకాయలు కూడా వాళ్లే పెట్టారు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. బండి ఒక్కదాని మీదే డీలర్‌కు గిట్టుబాటు కావడం కష్టం. షోరూం అద్దె, జీతాలు, నిల్వ ఉన్న బండ్ల కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ... ఇవన్నీ నెల నెలా తీరాలి. అందుకే ఇన్సూరెన్స్, ఫైనాన్స్ కమీషన్లు, యాక్సెసరీలు, స్పేర్ పార్టుల మీద ఆధారపడతారు. ఇన్ని బండ్లతో పాటు ఇన్ని కిట్లు అమ్మాలని సేల్స్ వాళ్లకు టార్గెట్ పెడతారు. మనకు ఎదురయ్యే చెడ్డ అనుభవాల్లో చాలావరకు ఈ లెక్కలోంచే పుడుతున్నాయి. సిబ్బందికి మర్యాద నేర్పినంత మాత్రాన ఇది మారదు.

రూల్స్ మాత్రం కొనేవాళ్ల వైపే ఉన్నాయి. హ్యాండ్లింగ్ పేరుతో రుసుము మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కానీ ఆ పాలసీని షోరూం చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోనక్కర్లేదు. కొనేవారిని బలవంతం చేయకూడదని మన హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017 నాటి మార్గదర్శకాల్లోనే చెప్పింది. బండి కొన్నప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్‌ను తయారీ కంపెనీయే సమకూర్చాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 అంటోంది. మాకు ఆ హెల్మెట్ యాక్సెసరీల లిస్టులో, ధరతో సహా కనిపించింది.

అయినా కొనే రోజు పోయిన డబ్బు ఒక్కసారితో సరి. బండి ఉన్నన్నాళ్లూ మనం తిరిగేది సర్వీస్ సెంటర్ చుట్టూనే. అక్కడ నాకు రెండు అనుభవాలున్నాయి.

నా బైక్‌కు ముందు బ్రేక్ నొక్కితే కీచుమని శబ్దం వచ్చేది. సిటీలో పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి అదే చెప్పాను. జాబ్ కార్డులో 'జనరల్ సర్వీస్' అని మాత్రమే రాసుకున్నారు. సాయంత్రం బిల్లులో ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనర్, పాలిషింగ్ ఉన్నాయి. ఇవేవీ నేను అడగలేదు, చేసే ముందు నన్నూ అడగలేదు. గేటు దాటి బ్రేక్ వేస్తే అదే శబ్దం. వెనక్కి వెళ్తే "ఈ మోడల్‌కు అంతే సార్" అన్నారు. ఏసీ వెయిటింగ్ రూము, కాఫీ మెషీన్ అన్నీ ఉన్నాయి అక్కడ.

తర్వాత మా ఊళ్లో సబ్ డీలర్ వర్క్‌షాపుకు వెళ్లాను. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. సర్వీస్ అడ్వైజర్ నన్ను వెనక కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తనే నడిపాడు. శబ్దం విన్నాక, నేను చెప్పిన మాటల్నే కార్డులో రాశాడు. పదకొండింటికి ఫోన్ చేశాడు: "బ్రేక్ క్యాలిపర్ పిన్నులు పట్టేశాయన్నా. క్లీన్ చేసి గ్రీజు పెడితే చాలు. ప్యాడ్లు ఇంకా వస్తాయి, ఇప్పుడే మార్చక్కర్లేదు. క్లచ్ కేబుల్ మాత్రం తెగేలా ఉంది, మార్చమంటారా?" మార్చమన్నాను. సాయంత్రం బిల్లుతో పాటు పాత కేబుల్‌ను కవర్లో పెట్టి ఇచ్చాడు. తీగలు నిజంగానే సగం తెగిపోయి ఉన్నాయి. శబ్దం పోయింది. ఏడాదిన్నర అయింది, నేను మళ్లీ ఇంకో చోటికి వెళ్లలేదు.

ఆయన చేసినదానికి ఖర్చేమీ లేదు. మన ఫిర్యాదును మన మాటల్లో రాసుకున్నాడు, డబ్బు పడే పనైతే ముందు అడిగాడు, తీసేసిన పార్టు చూపించాడు. నా దృష్టిలో మంచి సర్వీస్ అంటే ఇదే. కుర్చీ ప్లాస్టిక్‌దా, సోఫానా అన్నది చాలా తర్వాతి విషయం.

మరి పెద్ద షోరూంలలో ఇది ఎందుకు జరగడం లేదో కంపెనీలకు తెలియదా? తెలుసుకునే దారిని వాళ్లే చెడగొట్టుకున్నారు. సర్వీస్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫోన్ వస్తుంది. దానికి ముందే సర్వీస్ సెంటర్ అబ్బాయి బతిమాలతాడు: "అన్నిటికీ పది చెప్పండి సార్, తొమ్మిది చెప్పినా నాకు ఇన్సెంటివ్ రాదు." పాపం అనిపించి పది చెప్పేస్తాం. నేనూ చాలాసార్లు చెప్పాను. ఆ శబ్దం పోని రోజు కూడా చెప్పాను. అలా వచ్చిన మార్కులు చూసి అంతా బాగుందనుకుంటే కంపెనీకి నిజం ఎలా తెలుస్తుంది? మార్కులు మానేసి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. పని చేసే ముందు ఫోన్ చేశారా? పాత పార్టు చూపించారా? ముందు చెప్పిన అంచనాకూ బిల్లుకూ ఎంత తేడా వచ్చింది?

డీలర్ అనేవాడే లేకపోతే ఈ బాధ పోతుందని కొందరంటారు. ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఓలా ఎలక్ట్రిక్ ఆ దారిలోనే వెళ్లింది, సొంత స్టోర్లతో నేరుగా అమ్మింది. 2023 సెప్టెంబర్ నుంచి 2024 ఆగస్టు వరకు ఒక్క ఏడాదిలో ఆ కంపెనీ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10,644 ఫిర్యాదులు వెళ్లాయి. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చింది. ఆ ఫిర్యాదుల్లో 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ జవాబు చెప్పింది. అంతకు నెల ముందే కలబురగిలో ఒక కస్టమర్ రిపేరు కావడం లేదన్న కోపంతో షోరూంకు నిప్పు పెట్టాడు. ఆ పని ఏ రకంగానూ సమర్థించలేం. అయితే అమ్మకాలు పెరిగినంత వేగంగా వర్క్‌షాపులు, మెకానిక్‌లు పెరగకపోతే డీలర్ ఉన్నా లేకపోయినా కస్టమర్‌కు మిగిలేది తిరగడమే.

గొడవ పడాల్సిన పని లేకుండానే మనకు కొన్ని దారులున్నాయి. హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, షోరూం ఎక్కడుందన్నది అడ్డు కాదు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఏది చేయాలన్నా చేతిలో కాగితం ఉండాలి. హ్యాండ్లింగ్ చార్జీకి విడిగా రసీదు రాసిమ్మని అడిగితే దాన్ని కొట్టేసిన షోరూంలు ఉన్నాయని మిత్రులు చెప్పారు. మేం ఆ రోజు అడగలేకపోయాం.

పోయిన నెల చెల్లెలు ఫ్రీ సర్వీస్‌కు వెళ్లింది. ఫ్రీ అంటే లేబర్ మాత్రమే, ఆయిల్‌కు డబ్బు కట్టాలి. బిల్లులో ఆయిల్ కింద 'కన్స్యూమబుల్స్' అని ఇంకో లైను కనిపిస్తే, దేనికి వాడారో రాసిమ్మంది. కాసేపు లోపలికీ బయటికీ తిరిగి, ఆ లైను తీసేసి కొత్త బిల్లు ఇచ్చారు. రెండు రోజులకు ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది. తను మార్కులు చెప్పలేదు. కొటేషన్‌లో ఆ మూడు లైన్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, జరిగినదంతా ఓపిగ్గా వరసగా చెప్పింది.