గేదెల దొడ్లో జాతీయ సదస్సు

పశువైద్యుడి చదువు పట్టాతో ముగిసిపోదని పెద్దలు చెబుతారు. ఆ మాటను నేను శిరసావహిస్తాను. అందుకే పోయిన నెలలో, ఈనలేక ఇబ్బందిపడే గేదెల గురించి జరిగిన ఒక జాతీయ స్థాయి వెబినార్‌లో ఆసాంతం పాల్గొన్నాను. ఆ సమయానికి నా కుడి చెయ్యి భుజం దాకా ఈనలేక ఇబ్బందిపడుతున్న ఒక గేదె లోపల ఉంది. ఫోను చొక్కా జేబులో ఉంది. సిద్ధాంతమూ ప్రయోగమూ ఇంత దగ్గరగా, జానెడు దూరంలో, నడిచిన సందర్భం మన విద్యా చరిత్రలో మరొకటి లేదని నా నమ్మకం.

గేదెకు గర్భసంచి మెలిపడింది. ఈ బాధ ఆవుల కంటే గేదెలకు ఎక్కువ, మెలి పడేది కూడా ఎక్కువగా కుడివైపుకే. లోపల చెయ్యి పెడితే గోడలు పిండి ఆరేసిన తడిబట్టలా ముడతలు పడి తగులుతాయి. ముడతలు ఎటు తిరిగి ఉంటే మెలి అటు. దూడ కాళ్లు మెలికి అవతల ఉంటాయి, వేలికి అందీ అందకుండా. దీనికి ఇంజెక్షను లేదు. గేదెను మెలి పడ్డ వైపుకే పడుకోబెట్టాలి. డొక్క మీద పొడవాటి చెక్క పెట్టి, దాని ఒక కొస నేలకు ఆన్చి, చెక్క మీద ఒక మనిషిని నిలబెట్టాలి. కాళ్లకు కట్టిన తాళ్లు పట్టుకుని గేదెను మళ్లీ అదే వైపుకు దొర్లించాలి. చెక్క లోపలి సంచిని కదలనివ్వదు, గేదె ఒళ్లు తిరిగివచ్చి సంచిని కలుసుకుంటుంది. కుడికి మెలిపడితే ఎడమకు కదా దొర్లించాలి అని ఊళ్లో ప్రతి పెద్దమనిషీ సలహా ఇస్తాడు. ఆ సలహాను వినయంగా విని, పాటించకుండా ఉండటం మా వృత్తి నైపుణ్యాల్లో మొదటిది.

చెక్క ఎదురింట్లో దొరికింది. అక్కడ స్లాబు పని నడుస్తోంది. సెంట్రింగ్ చెక్కతోపాటు మేస్త్రీ కూడా వచ్చాడు, తన చెక్క మీద ఇంకెవరినీ ఎక్కనివ్వనన్నాడు. గేదెను పడుకోబెట్టాం, మేస్త్రీ చెక్కెక్కాడు, నలుగురు తాళ్లు బిగించారు. సరిగ్గా అప్పుడు నా జేబులోంచి, "అందరికీ నా స్క్రీన్ కనిపిస్తోందా?" అని వినిపించింది.

తాళ్లు పట్టుకున్నవాళ్లు ఆగిపోయారు. గేదె యజమాని తల్లి దగ్గరికి వచ్చి, "ఎవరు నాయనా ఆ జేబులో?" అని అడిగింది.

"పెద్ద డాక్టరుగారమ్మా. ఇదే జబ్బు గురించి చెబుతున్నారు."

"అంత తెలిసినాయన్ను ఇక్కడికే పిలవకపోయావా?"

జవాబు చెప్పలేని ప్రశ్న అది. మూడో దొర్లుకు మెలి విడింది. లోపల పెట్టిన చేతి మీదుగా వేడినీళ్లు జలజలా మోచేతికి కారాయి, వేళ్ల మధ్యకు రెండు గిట్టలు వచ్చాయి. ఆ క్షణానికి జేబులోని వక్త ఉపోద్ఘాతం ముగించి విషయంలోకి రాబోతున్నారు. సమయం అయిపోయిందని నిర్వాహకులు గుర్తుచేశారు. పది నిమిషాల్లో అభిప్రాయ పత్రం నింపితేనే సర్టిఫికెట్ అని కూడా చెప్పారు. నా రెండు చేతులూ దూడ కాళ్ల మీద ఉన్నాయి. మేస్త్రీ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. "నేను నింపుతాను సార్, ఫోనివ్వండి" అన్నాడు. తీసుకోమన్నాను.

మా చదువు మీద సమాజానికి కొన్ని అపోహలున్నాయి. మా పశువైద్య పట్టా బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. అంటే అయిదున్నరేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, కోడి, కుక్క, గుర్రం, ఏనుగు, అన్నిటికీ ఒకే పట్టా. మనుషుల డాక్టరు ఎడమ చెవికి వేరు, కుడి చెవికి వేరు అయ్యే రోజుల్లో ఇది మాకు దక్కిన గౌరవం. ఇంత చదివాక ఇంకా నేర్చుకునేది ఏముంటుందని అడిగేవారికి చిన్న ఉదాహరణ. కాలేజీలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి గురించి పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోగం భూమి మీదే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) గురించి మాత్రం ఒక్క పేరా చదివాను, అదీ ఆఫ్రికా జబ్బు కదా అని సగమే. 2019లో అది ఒడిశాలో కనిపించింది, 2022లో దేశాన్ని చుట్టేసింది. అంటే, వెళ్లిపోయిన అతిథికి మర్యాదలు ఎలా చేయాలో నేర్చుకుని, వచ్చే అతిథి పేరైనా తెలుసుకోకుండా వాకిట్లో నిలబడ్డాను.

ఆ ముద్దచర్మ వ్యాధి రాకుండా ఆవులకు మేకల మశూచి టీకా వేయమన్నారు. "మేకల మందు ఆవుకు వేస్తారేమిటి డాక్టరుగారూ, అయిపోయిందా అసలుది?" అని ఒక రైతు అడిగాడు. రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి, దగ్గరి చుట్టాలు, ఒకదాన్ని చూసి పెట్టుకున్న ఒంటికి రెండోదాన్ని గుర్తుపట్టడం తెలుస్తుందని చెప్పాను. ఈ ముక్క నాకు చెప్పింది ఏ శిక్షణ కేంద్రమూ కాదు. పక్క జిల్లాలో ఉన్న మా సీనియరు, రాత్రి పదకొండింటికి, ఫోనులో. ఇలాంటి ఫోన్లకు నిరంతర విద్య కింద ఎన్ని క్రెడిట్ పాయింట్లో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

ఇక మందుల సంగతి. ఈ విభాగంలో నా గురువు మెడికల్ రిప్రజెంటేటివ్. ఆయన బి.కాం. నెలకోసారి వస్తాడు, రెండు నిమిషాలు మాట్లాడతాడు, పెన్ను ఇస్తాడు. డైక్లోఫినాక్ ఉదంతం చూడండి. నొప్పికి, జ్వరానికి దాన్ని పశువులకు ధారాళంగా వాడాం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మన దేశంలో కొన్ని జాతుల రాబందులు తొంభై శాతానికి పైగా పోయాయి. 2006లో పశువుల వాడకానికి ఆ మందును నిషేధించారు. అప్పుడు మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువుల దగ్గరికి నడిచి వచ్చాయి. 2015లో ఆ సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించారు. గేదెకు పట్టే మోతాదుకు అలాంటివి ఎన్ని పగలగొట్టాలో లెక్కవేయడం కూడా ఒకరకం నిరంతర విద్యే, మా వాళ్లలో కొందరు అందులో ఉత్తీర్ణులయ్యారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు వద్దన్నారు. ఆ వార్త నాకు మోసుకొచ్చింది మళ్లీ మా గురువుగారే. స్టాకు మిగిలిపోయిందని ఆయన కళ్లు చెమర్చాయి. మెలాక్సికామ్ అనే నొప్పిమందు రాబందులకు హాని చేయదని 2006లోనే తేలింది. దానికి మాత్రం పెన్ను ఎవరూ ఇవ్వలేదు.

ప్రత్యక్ష శిక్షణ తరగతులు లేవని నేను అనను. ఉన్నాయి. జిల్లాకు ఒకరిద్దరిని పిలుస్తారు. ఎవరిని పంపాలన్నది సున్నితమైన నిర్ణయం. పనిచేసేవాణ్ణి పంపితే ఆసుపత్రి మూతపడుతుంది, అతని బదులు వచ్చేవాడు లేడు. కాబట్టి మరో నాలుగు నెలల్లో పదవీ విరమణ చేయబోయే పెద్దాయన్ను పంపుతారు. ఒక జిల్లాలో అలా ఒకాయన అల్ట్రాసౌండ్ స్కానింగ్ నేర్చుకుని వచ్చారు. యంత్రం మరో ఊరి ఆసుపత్రిలో ఉంది. ఆయన రిటైరయ్యారు. యంత్రం బీరువాలో ఉంది. ఏటా దసరాకు దాన్ని బయటికి తీసి, తుడిచి, బొట్టుపెట్టి, నిమ్మకాయ కోసి, మళ్లీ లోపల పెడతారు. చూడి కట్టిందో లేదో ఇప్పటికీ చేతితోనే చూస్తున్నారు. చేతికి బొట్టు పెట్టరు.

ఈ సదస్సుల వల్ల వృత్తికి ప్రయోజనం లేదనేవారు ఆ సంచిని చూడలేదు. రిజిస్ట్రేషన్ రుసుము కట్టిన ప్రతివారికీ ఒక సంచి ఇస్తారు, లోపల ఒక పుస్తకం, ఒక పెన్ను, పేర్ల పట్టిక. పుస్తకం తీసేస్తే సంచిలో నాలుగు కాల్షియం సీసాలు నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా పడతాయి. ఆ కొలత ఎవరు కనిపెట్టారో గానీ వారికి నమస్కారం. ఈనిన కొత్తలో ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరంతో పడిపోయిన ఆవు మెడ డొక్క మీదికి వాల్చి, చెవులు చల్లబడి, ప్రాణం పోయినట్టే ఉంటుంది. స్టెతస్కోపు గుండె మీద ఆనించి, రక్తనాళంలోకి కాల్షియం నెమ్మదిగా, మరీ నెమ్మదిగా ఎక్కించాలి. గుండె తడబడితే ఆపాలి. సీసా ఖాళీ అయ్యేసరికి ఆవు ఒళ్లు జలదరించి, పేడ వేసి, ఏమీ జరగనట్టు లేచి నిలబడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు దండం పెట్టేది డాక్టరుకో ఆవుకో తెలియదు. ఎంత నెమ్మదిగా అన్నది మాత్రం సంచిలోని పుస్తకంలో దొరకదు. తొందరపడి ఎక్కించి ఒక ఆవును చంపుకున్న సీనియరు చెప్పాడు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా గొంతు తగ్గించి.

ఈమధ్య నేను అత్యధికంగా పొందిన శిక్షణ సమాచార నమోదులో. పశువు చెవిపోగు మీద పన్నెండంకెలు, పక్కన రైతు ఫోను నంబరు. నంబరడిగితే హైదరాబాదులో ఉన్న కొడుకుది ఇస్తారు. టీకా వేశామని సందేశం వెళితే అతను అక్కడినుంచి ఫోన్ చేసి, "ఎవరికండీ టీకా?" అని కంగారు పడతాడు. టీకా వేయడానికి నిమిషం, ఆ వివరాలు ఎక్కించడానికి అయిదు. దీనికి ఇప్పటివరకు నాలుగు తరగతులు పెట్టారు. ఈ విషయంలో నా జ్ఞానం ఎప్పటికప్పుడు తాజాగా ఉందని గర్వంగా చెప్పగలను. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటాను. ఈ అయిదేళ్లలో ఏ జబ్బుకు ఏమి నేర్చుకున్నావని నన్ను అడిగిన మనిషి ఆ గేదె యజమాని తల్లి ఒక్కతే.

సర్టిఫికెట్ వారానికి వచ్చింది. బంగారు అంచు, రెండు సంతకాలు, మధ్యలో 'చురుకుగా పాల్గొన్నందుకు' అని. పేరు మాత్రం నాది కాదు. పేరు రాయమంటే మేస్త్రీ కొడుకు వాళ్ల నాన్న పేరు రాశాడు. ముందున్న 'డాక్టర్' ఆ పత్రంలో ముందే అచ్చయి ఉంటుందట, తీసేయడానికి వీలుండదు. 1984 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు కాని మనిషి పశువైద్యం చేయకూడదు. చురుకుగా పాల్గొనకూడదని అందులో లేదు. పైగా ఆ రోజు చెక్క మీద నిలబడ్డది ఆయనే. దాన్ని ప్రింటు తీయించి ఇచ్చాను. లామినేషన్ చేయించుకున్నాడు.

నిన్న పక్క ఊళ్లో ఇంకో గేదె ఈనలేక అవస్థపడుతుంటే ముందు ఆయనకే కబురు వెళ్లింది. ఆయన నాకు ఫోన్ చేశాడు.

"చెక్క బండికి కట్టేశాను సార్. మీరు సబ్బు తెచ్చుకోండి, ఆ ఇంట్లో లేదట."