3 నెలలకే డైలేషన్ ఆపవచ్చన్న మాట గురించి
యోని నిర్మాణ శస్త్రచికిత్స జరిగిన 3 నెలలకు గాయం మానిపోతుంది కాబట్టి ఆ తర్వాత డైలేషన్ (యోని మార్గం కుంచించుకుపోకుండా డైలేటర్ అనే కడ్డీ లాంటి సాధనాన్ని లోపల ఉంచడం) ఎవరి ఇష్టాన్ని బట్టి వారు చేసుకోవచ్చని ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. పైకి మానినట్టు కనిపించినా లోపలి కణజాలం ఆ తర్వాత కూడా చాలా నెలలు కుంచించుకుపోతూనే ఉంటుంది. ఒకసారి తగ్గిన లోతును తిరిగి రాబట్టడం చాలా కష్టం, కొన్నిసార్లు మళ్లీ శస్త్రచికిత్స అవసరమవుతుంది. నాలుగో నెలలో పని ఒత్తిడి వల్ల పది రోజులు మానేసిన నేను, అంతకుముందు సులువుగా పట్టిన సైజు డైలేటర్ పట్టక, ఒక సైజు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. పైగా కంగారులో బలంగా నెట్టాను, దానివల్ల నొప్పి, రక్తపు మరకలు తప్ప మరేమీ దక్కలేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నీటి ఆధారిత లూబ్రికెంట్ (జారుడు జెల్) ధారాళంగా రాసి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, డైలేటర్‌ను మొదట వెన్ను వైపుకు వాలుగా పోనిచ్చి, జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) దాటాక తిన్నగా నడిపి, అడ్డు తగిలిన చోట కదపకుండా పట్టి ఉంచాలని ఫిజియోథెరపిస్టు నేర్పిన తర్వాతే కటి కండరాల బిగువు సడలింది. సిలికాన్ డైలేటర్‌కు సిలికాన్ లూబ్రికెంట్ వాడితే దాని ఉపరితలం పాడవుతుందన్న సంగతి కూడా వ్యాసంలో ఉండవలసింది. కొద్దిపాటి మరకలు మొదట్లో సహజమే గాని, ఆగని రక్తస్రావం, జ్వరం, యోని గుండా గాలి లేదా మలం రావడం కనిపిస్తే డైలేషన్ ఆపి వెంటనే సర్జన్‌ను సంప్రదించాలి.